చికెన్ లాంగ్ రైస్: హవాయి ఇళ్ళలో వండే అల్లం చికెన్ నూడుల్స్ సూప్ కుదరాలంటే

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. హొనొలులులోని బంధువుల ఇంట్లో జలుబుతో ఉన్నప్పుడు వేడివేడిగా పెట్టిన పల్చని చికెన్ నూడుల్స్ సూప్ మీకు బాగా నచ్చింది. హైదరాబాదుకు తిరిగివచ్చాక దాన్ని సన్నని బియ్యపు నూడుల్స్‌తో, అల్లం వెల్లుల్లి ముద్దతో వండి చూశారు. నూడుల్స్ ముద్దగా అయిపోయాయి, అరగంటలో గిన్నెలో సూప్ అన్నదే లేకుండా పోయింది, రుచి చప్పగా ఉండి పచ్చి అల్లం వాసన మాత్రం మిగిలింది. ఎక్కడ పొరపాటు జరిగిందని అడిగారు. హొనొలులు ఉన్న ఓవాహు ద్వీపంలో చాలా కాలంగా ఈ సూప్‌ను ఇంట్లో వండుతున్న అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

మీరు చెప్పిన గుర్తులు మూడు: అవతలి వైపు కనిపించేంత పారదర్శకమైన సన్నని నూడుల్స్, చేత్తో చీల్చిన మెత్తని చికెన్, పైన చల్లిన ఉల్లికాడలు. వీటిని బట్టి అది చికెన్ లాంగ్ రైస్ అని నిస్సందేహంగా చెప్పవచ్చు. అందులో పసుపుపచ్చని గోధుమ నూడుల్స్, గులాబీ అంచు ఉన్న చేప బిళ్ళలు కనిపించి ఉంటే అది సైమిన్ అనే మరో సూప్ అయి ఉండేది. సైమిన్‌కు ఎండు రొయ్యలు, సముద్రపు నాచు వంటివాటితో స్టాక్ (వాటి సారం దిగేలా ఉడికించి వడకట్టిన నీరు) కాస్తారు కనుక దాని దారి పూర్తిగా వేరు, ఇక్కడ దాని జోలికి వెళ్ళను.

ఈ వంటకం ఎలా పుట్టిందో కొంచెం తెలిస్తే ఇందులో ఏమి వేయాలో, ఏమి వేయకూడదో సులువుగా అర్థమవుతుంది. కోళ్ళను హవాయికి తొలిసారి తెచ్చినవారు పడవల మీద సముద్రం దాటి వచ్చిన పాలినేసియన్లు. నూడుల్స్ మాత్రం చెరకు తోటల్లో పని చేయడానికి వచ్చిన చైనా కూలీల వెంట వచ్చాయి. 1852లో థెటిస్ అనే ఓడలో దక్షిణ చైనా నుంచి సుమారు 200 మంది ఒప్పంద కూలీలు హొనొలులులో దిగారు, ఆ తరువాత దశాబ్దాల్లో వేల మంది వచ్చారు. అల్లం, ఉప్పు, ఉల్లికాడలు తప్ప మరేమీ లేకుండా కోడిని నీళ్ళలో నెమ్మదిగా ఉడికించడం వారి పద్ధతి. స్థానిక హవాయి కుటుంబాలు దాన్ని తమదిగా చేసుకున్నాయి. ఈ రోజు లూవావు అనే హవాయి సంప్రదాయ విందులో చామదుంపను ఉడికించి దంచి చేసే పోయి, చామాకులో చుట్టి ఉడికించిన మాంసం లావ్‌లావ్, ఉప్పు చేపతో చేసే లోమీ సాల్మన్ సరసన చికెన్ లాంగ్ రైస్ తప్పకుండా ఉంటుంది. కాబట్టి మన కూరల్లో మసాలా చేసే పనిని ఇక్కడ చికెన్ ఎముకలు, అల్లం, ఉప్పు మాత్రమే చేయాలి. ఆ మూడింటి దగ్గర శ్రద్ధ తగ్గితే తరువాత ఏది చేర్చినా లోటు తీరదు.

మొదట నూడుల్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ గిన్నెలో జరిగిన నష్టంలో సగం అక్కడే జరిగింది. పేరులో రైస్ అని ఉన్నా వీటిలో బియ్యం లేదు. ఇవి పెసల నుంచి తీసిన స్టార్చ్‌తో, అంటే పిండి పదార్థంతో చేసినవి. మన ఊళ్ళ సూపర్ మార్కెట్లలోను, ఆన్‌లైన్‌లోను గ్లాస్ నూడుల్స్, మంగ్ బీన్ వెర్మిసెల్లి, సెల్లోఫేన్ నూడుల్స్ అనే పేర్లతో దొరుకుతాయి. పొట్లం వెనక పదార్థాల వరుస చదివి, పెసల స్టార్చ్, నీరు అని ఉన్నదాన్ని ఎంచుకోండి. బఠాణీ స్టార్చ్ కలిసినా పరవాలేదు. చిలగడదుంప స్టార్చ్‌తో చేసే కొరియా నూడుల్స్ దొరికితే వాడవచ్చు కాని అవి లావుగా, సాగుడుగా ఉంటాయి, ఉడకడానికి ఎక్కువ సమయం పడుతుంది. బియ్యపు నూడుల్స్, సేమ్యా మాత్రం దీనికి పనికిరావు.

కారణం స్టార్చ్ స్వభావంలో ఉంది. పెసల స్టార్చ్‌లో అమైలోజ్ అనే పొడవాటి గొలుసు అణువుల పాలు ఎక్కువ. నూడుల్స్ తయారు చేసేటప్పుడు ఆ పిండి ఒకసారి ఉడికి, చల్లారుతుంది. అలా చల్లారే సమయంలో ఈ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, ఆ పట్టు తరువాత మరిగే స్టాక్‌లో పడినా అంత తేలికగా విడిపోదు. అందువల్ల ఇవి నీటిని బాగా పీల్చుకుని ఉబ్బుతాయి కాని కరిగిపోవు, సూప్‌ను చిక్కబరచవు. సన్నని బియ్యపు నూడుల్స్‌కు ఆ పట్టు తక్కువ కాబట్టి వేడి స్టాక్‌లో పది నిమిషాలు నిలిస్తే చివికి తునకలవుతాయి, వాటి పిండి సూప్‌లోకి దిగుతుంది. మీరు చూసిన ముద్ద అదే.

ఇక స్టాక్. ఆరుగురికి సరిపడా సూప్ కోసం చర్మంతో, ఎముకతో ఉన్న చికెన్ తొడ, కాలు ముక్కలు 1 కిలో, నీరు 2.25 లీటర్లు తీసుకోండి. మన చికెన్ దుకాణాల్లో చెప్పకపోతే చర్మం తీసేసి ముక్కలు కొట్టి ఇస్తారు కనుక స్కిన్‌తో కావాలని, లెగ్ పీసులు చిన్న ముక్కలు చేయవద్దని ముందే చెప్పండి. వీలైతే రెండు మెడలు, ఒక వెన్ను భాగం కూడా అడిగి తెచ్చుకోండి. వాటిలో మాంసం లేకపోయినా, చర్మంలోను కీళ్ళ దగ్గరా ఉండే కొలాజెన్ నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారి స్టాక్‌కు పెదవులకు అంటుకునే నిండుదనాన్ని ఇస్తుంది. ఎముకలు లేని బ్రెస్ట్ ముక్కలతో ఈ సూప్ వండవద్దని గట్టిగా చెబుతాను. ఎముక, చర్మం లేకపోతే స్టాక్ నీళ్ళలాగే ఉంటుంది. పైగా బ్రెస్ట్ మాంసం 70 డిగ్రీలు దాటి కొంతసేపు ఉడికితే చాలు, పొడిబారుతుంది. తొడ మాంసం 74 డిగ్రీల దగ్గర తినడానికి సురక్షితమే అయినా, అది నిజంగా మెత్తబడేది అంతకంటే పై వేడిలో, 85 డిగ్రీల ప్రాంతంలో, కండరాల మధ్య పొరలు కరిగినప్పుడు.

చికెన్‌ను చల్లని నీటిలోనే వేసి మధ్యస్థమైన సెగ మీద పెట్టండి. మరుగు రావడానికి ముందు పైకి తేలే బూడిద రంగు తెట్టును గరిటెతో ఓపికగా తీసివేయండి. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాల్లో గిన్నె వదిలి వెళ్ళకూడదు. తెట్టు పూర్తిగా తీశాకే అల్లం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల కల్లుప్పు వేయండి. ఆ క్షణం నుంచి సెగ బాగా తగ్గించి, నీటి మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేచేలా మాత్రమే ఉంచాలి. తెర్లేలా మరిగిస్తే కొవ్వు సూక్ష్మమైన బిందువులుగా విడిపోయి నీటిలో కలిసిపోతుంది, స్టాక్ పాలిపోయి మసకబారుతుంది, మాంసం పీచుగా మారుతుంది. నలభై నిమిషాలకు బ్రాయిలర్ తొడ ముక్కలు ఎముక నుంచి ఊడివచ్చేంత మెత్తబడతాయి. వాటిని తీసి కొంచెం చల్లారాక మాంసాన్ని వేలితో చీల్చి, ఒక గరిటెడు స్టాక్ పోసి మూతపెట్టి పక్కన ఉంచండి. అలా తడిగా ఉంచకపోతే గాలి తగిలి ఎండిపోతుంది. మిగిలిన ఎముకలు, చర్మం తిరిగి గిన్నెలో వేసి మరో నలభై నిమిషాలు అదే సన్నని సెగ మీద ఉంచి, ఆపైన వడకట్టండి. ఈ రెండో విడతను చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో మంచి సూప్‌కు, మామూలు సూప్‌కు తేడా వచ్చేది ఇక్కడే.

నాటుకోడితో చేయవచ్చా అని మీరు ప్రత్యేకంగా అడగలేదు కాని, దొరికే చోట తప్పక ప్రయత్నించమంటాను. దాని స్టాక్‌కు ఉన్న రుచి బ్రాయిలర్ కోడికి రాదు. అయితే సన్నని సెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అంత సమయం లేకపోతే ప్రెషర్ కుక్కర్‌లో మొదటి విజిల్ వచ్చాక సెగ పూర్తిగా తగ్గించి 25 నిమిషాలు ఉంచండి. ఆపాక ఆవిరిని బలవంతంగా వదలకుండా దానంతట అదే దిగేదాకా ఆగాలి. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే లోపలి నీరంతా ఉధృతంగా మరిగి, అంతసేపు తేటగా ఉన్న స్టాక్ చెదిరిపోతుంది. వడకట్టిన స్టాక్ మీద తేలే కొవ్వులో ఎక్కువ భాగం తీసేసి, బంగారు రంగు చుక్కలు అక్కడక్కడ కనిపించేలా రెండు చెంచాల మేరకు ఉంచుకోండి. మొత్తం తీసేస్తే అల్లం వాసన పట్టి నిలవడానికి ఆధారం ఉండదు.

అల్లం గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఈ సూప్‌లో రుచికి పెద్ద అదే. 75 గ్రాముల ముదురు అల్లాన్ని బాగా కడిగి, చెక్కు గీకి, నాణెమంత మందాన బిళ్ళలుగా కోసి, ఒక్కొక్క బిళ్ళను రోకలితోనో కత్తి వెడల్పు వైపుతోనో చితక్కొట్టి స్టాక్‌లో వేయాలి. ముద్ద నూరి వేయకూడదు. ముద్దలోని పీచు, పిండి స్టాక్‌ను మసకబరుస్తాయి. మన కూరల్లో అల్లం ముద్దను ముందుగా నూనెలో వేయించి పచ్చివాసన పోగొడతాము, ఈ సూప్‌లో వేయించే దశ లేదు కనుక ఆ పచ్చివాసన అలాగే నిలిచిపోతుంది. కొనుక్కున్న ముద్దలో ఉప్పు, పులుపు, నిల్వ పదార్థాలు కూడా చేరి ఉంటాయి. చితక్కొట్టిన బిళ్ళల నుంచి రసం నెమ్మదిగా దిగుతుంది, పిప్పి వడకట్టుతో పోతుంది.

అయితే గంటకు పైగా ఉడికిన అల్లం తన ఘాటును కొంత కోల్పోతుంది. తాజా అల్లానికి కారాన్ని ఇచ్చే జింజరాల్ వేడికి కొంత భాగం జింజరోన్ అనే మృదువైన, కాస్త తియ్యని పదార్థంగా మారుతుంది, పై పరిమళం ఆవిరితో పోతుంది. అందువల్ల నేను అల్లాన్ని రెండుసార్లు వేస్తాను. మొదటిది స్టాక్‌తో పాటు ఉడికే అల్లం, దాని వల్ల అడుగున వెచ్చదనం నిలుస్తుంది. రెండోది దించే ముందు, కొత్తగా తురిమి పిండిన రసం ఒక చెంచా. ఈ రసం వేయకముందు, వేశాక రుచి చూడండి. మీ బంధువుల ఇంట్లో గొంతులో దిగుతుండగా తగిలిన సన్నని కారం ఈ రెండో అల్లానిదేనని నా నమ్మకం.

ఇప్పుడు సూప్ ఎలా మాయమైందన్న ప్రశ్నకు వస్తాను. బియ్యపు నూడుల్స్ లాగే పెసల నూడుల్స్ కూడా స్టాక్‌ను తాగేస్తాయి; ఎండుగా ఉన్నప్పటి బరువుకు మూడు నాలుగు రెట్ల నీటిని పీల్చుకుంటాయి, పొయ్యి మీద నుంచి దించాక కూడా ఆ పని ఆపవు. కాబట్టి 2 లీటర్ల స్టాక్‌కు 150 గ్రాములు మించకూడదు. పొట్లంలో అవి చిన్న చిన్న చుట్టలుగా, దారంతో కట్టి ఉంటాయి. దారం తీసేసి, గోరువెచ్చని నీటిలో 20 నిమిషాలు నానబెట్టి, మెత్తబడ్డాక కత్తెరతో జానెడు పొడవుకు తగ్గించి కత్తిరించండి. ఎండుగా ఉన్నప్పుడు కత్తిరించబోతే వంటిల్లంతా చిమ్ముతాయి. నానబెట్టడం వల్ల అవి తాగవలసిన నీటిలో కొంత ముందే తాగేసి ఉంటాయి, మీ స్టాక్ అంతమేరకు మిగులుతుంది. మరుగుతున్న స్టాక్‌లో వేసి, సెగ తగ్గించి, ఐదు నుంచి ఏడు నిమిషాలు ఉడికించండి. తెల్లగా ఉన్న నూడుల్స్ పూర్తిగా పారదర్శకం కాగానే చీల్చిన చికెన్ వేసి, ఒక పొంగు రానిచ్చి దించండి. వడ్డించే ముందు అర లీటరు స్టాక్‌ను విడిగా వేడిగా ఉంచుకోవడం నా అలవాటు. గిన్నెలో సూప్ తగ్గినప్పుడు దాన్ని పోసుకుంటే సరిపోతుంది.

ఉప్పు విషయంలో చప్పదనానికి మూలం కూడా ఈ నూడుల్స్‌లోనే ఉంది. వాటికి సొంత రుచి లేదు, ఉప్పు లేదు, తాగిన స్టాక్‌లోని ఉప్పును తమలోకి తీసుకుంటాయి. అందుచేత నూడుల్స్ వేయకముందు స్టాక్ రుచి చూసినప్పుడు, విడిగా తాగడానికి కాస్త ఎక్కువైందనిపించేంత ఉప్పు ఉండాలి. హవాయి కుటుంబాలు ఇందుకు సముద్రపు రాళ్ళ ఉప్పు వాడతారు. కవాయి ద్వీపంలోని హనాపేపే దగ్గర మడుల్లో తరతరాలుగా పండించే ఉప్పును, అక్కడి ఎర్రమట్టి కలిపిన రకాన్ని కూడా ఎంతో గౌరవంగా చూస్తారు. మన కల్లుప్పు ఆ పనికి బాగా సరిపోతుంది. సోయా సాస్ వేయాలా అంటే, లేత రంగు రకం ఒక పెద్ద చెంచా వరకు వేయవచ్చు, చాలా ఇళ్ళలో అసలు వేయరు. ముదురు రంగు సోయా సాస్ మాత్రం వద్దు, స్టాక్ తేటదనమంతా పోతుంది. ఎండు షిటాకే పుట్టగొడుగులు దొరికితే నాలుగింటిని అరగంట నానబెట్టి, సన్నగా తరిగి, వడకట్టిన ఆ నానబెట్టిన నీటితో సహా స్టాక్‌లో చేర్చండి. రుచి లోతు పెరుగుతుంది. అవి లేకపోయినా ఈ సూప్ అసంపూర్ణం కాదు.

లూవావు విందులో వడ్డించే చికెన్ లాంగ్ రైస్‌కు, మీకు పెట్టిన సూప్‌కు తేడా ఉన్నదని కూడా గమనించండి. విందుల్లో ఇదే స్టాక్‌కు 250 గ్రాముల వరకు నూడుల్స్ వేసి అరగంట అలా వదిలేస్తారు. స్టాక్‌ను బాగా పీల్చుకున్నాక ఆ నూడుల్స్‌ను పట్టకారుతో తీసి పళ్ళెంలో పెడతారు. అక్కడ అది లోపం కాదు, ఆ రూపమే వారికి కావలసినది. ఒంట్లో బాగులేని మనిషికి మాత్రం గిన్నెతో తాగగలిగేంత పల్చగా చేసి పెడతారు, మీకు కావలసినది ఈ రెండో రూపం. చిన్న పిల్లలకు, పెద్దవారికి పెట్టేటప్పుడు నూడుల్స్‌ను రెండంగుళాలకు మించకుండా కత్తిరించండి. పొడుగ్గా జారే దారాలు గొంతుకు అడ్డం పడే అవకాశం ఉంటుంది.

మసాలా లేకుండా మన ఇళ్ళలో ఎవరు తింటారన్న మీ సందేహం సహజమే. దానికి హవాయివారే ఒక మార్గం చూపారు. కారం సూప్‌లో వేయరు, పక్కన పెడతారు. చిల్లీ పెప్పర్ వాటర్ అని పిలిచే ఈ మిరప నీళ్ళు చాలా ఇళ్ళలో సీసాల్లో సిద్ధంగా ఉంటాయి. ఒక కప్పు నీటిని మరిగించి దించి, అందులో చిన్న ఘాటైన మిరపకాయలు ఆరు చీల్చి, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, అర చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా వెనిగర్ వేసి చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. మరునాటికి వాడుకోవచ్చు, వారం రోజుల్లో అయిపోయేంతే చేసుకోండి. ఎవరికి కావలసినంత వారు తమ గిన్నెలో చిలకరించుకుంటారు, జలుబు చేసినవారి గిన్నె మాత్రం తేటగా ఉంటుంది. పసుపు వేయవచ్చునా అంటే, పసుపు హవాయికి కొత్తదేమీ కాదు, పాలినేసియన్లు తమతో తెచ్చుకున్న మొక్కల్లో అదీ ఒకటి, ఓలెనా పేరుతో నేటికీ పెరుగుతుంది. అయినా ఈ సూప్‌లో దాన్ని వేయరు. గరం మసాలా, ధనియాల పొడి వేస్తే అది మంచి చికెన్ సూప్ కావచ్చు కాని ఇది కాకుండా పోతుంది. చిటికెడు మిరియాల పొడి వరకు నాకు అభ్యంతరం లేదు.

ఆకుకూర ఏదైనా చేర్చాలని మీకు అనిపిస్తే, ఈ సూప్‌ను కదిలించకుండా హవాయిలోనే ఉన్న మరో వంటకం వైపు చూడమంటాను. 1906 నుంచి ఫిలిప్పీన్స్ కూలీలు ఆ తోటలకు రావడం మొదలైంది. వారి కుటుంబాల నుంచి వచ్చిన చికెన్ పపాయలో ఇదే అల్లం స్టాక్‌లో నూడుల్స్‌కు బదులు పచ్చి బొప్పాయి ముక్కలు ఉడికించి, చివర గుప్పెడు మునగాకు వేస్తారు. ఓవాహులో ఎన్నో పెరళ్ళలో మునగ చెట్టు కనిపించడానికి వారే కారణం. మునగాకు ఇంటి ముందే దొరికే మనకు ఆ వంటకం ఇంకా సులువు, స్టాక్ ఒకసారి కాస్తే రెండు రోజులకు రెండు వంటలు అవుతాయి.

మిగిలిన సూప్‌ను నిల్వ చేయడంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. స్టాక్, చికెన్ ఒక డబ్బాలో, నూడుల్స్ మరో డబ్బాలో విడివిడిగా ఉంచాలి. రెండూ కలిపి ఉంచితే తెల్లవారేసరికి స్టాక్ మిగలదు. వండిన రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో వాడేయండి. వడకట్టిన స్టాక్ ఒక్కదాన్నే అయితే ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంచుకోవచ్చు, ఉడికిన నూడుల్స్‌ను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టవద్దు, కరిగాక పెళుసుగా విరిగిపోతాయి. తిరిగి వేడి చేసేటప్పుడు స్టాక్‌ను బాగా మరిగించి, చికెన్ అందులో వేసి వేడెక్కాక, చల్లని నూడుల్స్‌ను చివరి నిమిషంలో చేర్చండి. అల్లం రసం మరో అర చెంచా, కొత్తగా తరిగిన ఉల్లికాడలు కూడా అప్పుడే వేయండి.